హెసెద్: అత్తయ్య అడిగిన ఒక్క మాట వెంట ఎనిమిది నెలలు

రాత్రి తొమ్మిదింటికి అత్తయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని బైబిలు తీస్తాను. గ్లాకోమాతో ఆవిడకి చూపు పోయి నాలుగేళ్లయింది. అంతకుముందు తనే చదువుకునేది, ఇప్పుడు నేను చదివితే వింటుంది. ఏది చదివినా చదవకపోయినా వారంలో ఒక్కసారైనా 136వ కీర్తన చదవాల్సిందే. అందులో 26 వచనాలు. ప్రతి వచనం చివరా ఒకటే మాట, "ఆయన కృప నిరంతరముండును." ముందు సగం నేను చదివితే ఆ చివరి మాట అత్తయ్య అందుకుంటుంది. ఆకాశం చేశాడు, ఆయన కృప నిరంతరముండును. భూమిని నీళ్ల మీద పరిచాడు, ఆయన కృప నిరంతరముండును. ఇద్దరం కలిసి దంపుడుపాట పాడుకుంటున్నట్టు ఉంటుంది.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక రాత్రి నేను పదో వచనం చదివాను. "ఐగుప్తుదేశపు తొలిచూలులను ఆయన హతము చేసెను." అత్తయ్య అందుకోలేదు. నిద్రపోయిందేమో అని చూశాను. కళ్లు తెరిచే ఉంది.

"అమ్మాయ్, కృప అంటే ఏంటమ్మా?" అంది.

మా ఆయన అత్తయ్యకి తొలిచూలు. ఆరేళ్ల కిందట గుండెపోటుతో పోయారు, అప్పటికి ఆయన వయసు 44. అన్నేళ్లూ ఆ వచనం దగ్గర ఆవిడ గొంతు ఎలా కలిపిందో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం కలపలేకపోయింది.

నేను బడిలో తెలుగు చెబుతాను. కృప అంటే దయ, కరుణ, అనుగ్రహం అని పిల్లలకి పర్యాయపదాలు రాయిస్తాను. ఆవిడకి అవే చెప్పాను. "అవి నాకూ తెలుసులే. తొలిచూలు పిల్లల్ని చంపడం దయేంటి?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. బైబిలు మూసి లైటు తీసేశాను.

మర్నాడు బస్సులో తెనాలి వెళ్తున్నంతసేపూ అదే ఆలోచన. ఆ కీర్తన రాసినవాళ్లు తెలుగులో రాయలేదు కదా, "కృప" అని మనం చదివే చోట వాళ్లు ఏ మాట వాడారు? ఇన్నేళ్ల భక్తిలో ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదని గుర్తొచ్చి బాధేసింది.

మా సంఘంలో ఒకప్పుడు కాపరిగా చేసి రిటైరైన అయ్యగారు ఒకరున్నారు. వయసులో ఉండగా సెమినరీలో హెబ్రీ, అంటే ఆ కీర్తనలు మొదట రాసిన భాష, నేర్చుకున్నారు. అట్టలు ఊడిన హెబ్రీ బైబిలు ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లి అడిగాను. "మాట చెప్పేస్తాను, ఒక్క నిమిషం పని. కానీ చెప్తే నీకు మిగలదు. అక్షరాలు నేర్చుకుని నువ్వే దాన్ని పట్టుకో," అన్నారు. నా తెలుగు బైబిల్లో 119వ కీర్తన తియ్యమన్నారు.

ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని మన బైబిల్లో ఆ కీర్తన మధ్య మధ్యన శీర్షికలు ఉంటాయి, చాలామంది చూసే ఉంటారు. సండేస్కూల్లో అవేవో రాగాల పేర్లనుకున్నాను. అవి హెబ్రీ అక్షరాలు. 22 అక్షరాలకి ఒక్కోదానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఏ అక్షరం కింద ఉన్న ఎనిమిది వచనాలు ఆ అక్షరంతోనే మొదలవుతాయి. తెలుగులోకి వచ్చేసరికి ఆ అల్లిక పోయి పేర్లు మాత్రమే మిగిలాయి. అయ్యగారు హెబ్రీ బైబిల్లో హేత్ భాగం తీసి, కుడివైపు అంచున ఒకదాని కింద ఒకటి నిలబడిన ఎనిమిది హేత్‌లు చూపించారు. గడపలేని గుమ్మాల వరుసలా ఉంది. చివరిది 64వ వచనం. దాని మొదటి మాట మీద వేలు పెట్టి, "ఇదే నువ్వు అడిగింది. హస్దెఖా. నీ హెసెద్," అన్నారు.

తెలుగులో ఆ వచనం "యెహోవా, భూమి నీ కృపతో నిండియున్నది" అని ఉంటుంది. హెబ్రీలో "నీ కృప" అనే మాటే ముందు నిలబడింది. వరుసలో చివరి గుమ్మం తలుపు అదే.

అక్షరాలకి రెండు నెలలు పట్టింది. బడి నుంచి వచ్చి, వంట చేసి, అత్తయ్యకి కళ్లలో చుక్కలు వేశాక రోజూ అరగంట కూర్చునేదాన్ని. చూపు రాకపోయినా నొప్పి పెరగకుండా ఆ చుక్కలు వేస్తూనే ఉండాలన్నారు డాక్టరుగారు. కుడి నుంచి ఎడమకి రాయడం వారంలో అలవాటైంది. కష్టమల్లా పోలికలతోనే. హెసెద్‌లో ఉన్నవి మూడే అక్షరాలు, హేత్, సామెహ్, దాలెత్. ఆ మూడింటికీ కవలలున్నాయి. హేత్‌కి రెండు కాళ్లూ పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. ఎడమ కాలు పైన కొంచెం సందు వదిలితే అది హే అయిపోతుంది. సామెహ్ గుండ్రం, దాని మూలలు కాస్త గట్టిగా తిరిగితే మాట చివర వచ్చే మేమ్. దాలెత్‌కి కుడివైపు పైన మడమలాగ చిన్న ముక్క బయటికి పొడుచుకొస్తుంది. అది గుండ్రంగా ఒదిగిపోతే రేష్. మన థ, ధ చుక్క దగ్గర పిల్లలు ఎందుకు తడబడతారో నాకు అప్పుడు అర్థమైంది.

పలకడం ఇంకో తంటా. హేత్ మన హ కాదు, ఖ కాదు. గొంతు లోపల గీరుకుంటూ వస్తుంది. గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల సమాజం ఉంది, వాళ్లకి ప్రార్థనామందిరం ఉంది. దసరా సెలవుల్లో అటు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన్ని అడిగి ఆ మాట నాలుగైదుసార్లు పలికించుకున్నాను. "హె" మీద బరువు వేసి "సెద్" తేలిగ్గా వదలాలని చెప్పారు. మా ఊరికి ఇంత దగ్గర్లో తెలుగు మాట్లాడే నోట ఆ మాట వినడం నాకు చాలా సంతోషమేసింది.

తరవాత ఆ మాటని పుస్తకంలో వెతకడం మొదలెట్టాను. మొదటి రోజు 136వ కీర్తనలో దొరకనేలేదు. హెసెద్ అని ఎక్కడా లేదు, ప్రతి వచనం చివరా హస్దో అని ఉంది. అయ్యగారికి ఫోన్ చేస్తే, "ఇల్లు ఇంటికి అవుతుంది కదమ్మా, ఇల్లుకి అంటామా? అలాగే," అన్నారు. రోజూ బడిలో చెప్పే ఔపవిభక్తికమే, విభక్తి చేరేముందు మాట రూపం మారడమే! హెసెద్‌కి "ఆయన" చేరితే హస్దో, "నీ" చేరితే హస్దెఖా. కి లెఓలామ్ హస్దో, ఎందుకంటే ఆయన హెసెద్ ఎప్పటికీ. తెలుగులో ఆ చివరి మాటకి "ఉండును" అనే క్రియ ఉంది. హెబ్రీలో క్రియే లేదు. మూడు మాటలే, ఊపిరి తీసి వదిలినంత.

బైబిల్లోని ఒక్కో హెబ్రీ మాటకి ఒక్కో నంబరు ఇచ్చిన స్ట్రాంగ్స్ నంబర్లు చాలామందికి తెలిసే ఉంటాయి, హెసెద్ నంబరు 2617. ఫోన్లో ఆ నంబరు కొట్టి, వచ్చిన ప్రతి వచనాన్నీ తెలుగు బైబిల్లో తీసి, అక్కడ ఏ తెలుగు మాట వాడారో నోట్సులో రాసుకుంటూ పోయాను. పాత నిబంధనలో ఆ మాట సుమారు 250 సార్లు వస్తుంది, అందులో సగం దాకా కీర్తనల్లోనే. ఈ పని నాలుగు నెలలు సాగింది. నన్ను మార్చింది అదే.

కీర్తనల్లో దాదాపు అంతా కృపే. స్నేహితుడు యోనాతాను చనిపోయాక అతని ఇంటివాళ్ల కోసం దావీదు వెతుకుతూ "యోనాతానునుబట్టి నేను ఉపకారము చూపుటకు సౌలు కుటుంబములో ఎవడైన కలడా" అని అడిగిన చోట అది ఉపకారం. మీకా 6:8లో "కనికరమును ప్రేమించుట" అంటే హెసెద్‌ని ప్రేమించడం. హోషేయ 6:4లో ప్రజల హెసెద్ పొద్దుటి మంచులా ఆరిపోతోందని దేవుడు బాధపడతాడు, అక్కడ తెలుగులో "భక్తి" అని వేశారు. యెషయా 40:6లో మనుషుల "అందమంతయు" అడవిపువ్వులాంటిదని ఉంటుంది కదా, ఆ అందం కూడా హెసెదే. సామెతలు 14:34లో "పాపము ప్రజలకు అవమానము" అన్న చోట అవమానం అనే మాటకీ అవే మూడు అక్షరాలు కనిపించి కంగారుపడ్డాను. అది రూపం ఒకటే అయిన వేరే మాట అని అయ్యగారు చెప్పారు. మనకి "అరి" అంటే శత్రువూ ఉంది, పన్నూ ఉంది కదా, అలాగ.

మన అనువాదకుల మీద నాకు కోపమేమీ రాలేదు. ఇంగ్లీషువాళ్లకే ఒక్క మాట సరిపోలేదు. 1535లో మైల్స్ కవర్‌డేల్ అనే అనువాదకుడు లవింగ్, కైండ్‌నెస్ అని రెండు మాటలు అతికించి కొత్త మాట తయారుచేసుకోవాల్సి వచ్చింది. కానీ తెలుగులో ఇన్ని మాటలుగా విడిపోవడం వల్ల మనకి ఒక నష్టం జరిగింది. దేవుడు చేస్తే కృప అనీ, మనిషి చేస్తే దయ, ఉపకారం, భక్తి అనీ వేరువేరు అరల్లో పెట్టుకున్నాం. హెబ్రీ చదివేవాడికి అన్నీ ఒక్కటే మాట. పైనుంచి వచ్చేదీ మన చేతులు చేయాల్సిందీ ఒకే పేరుతో పిలుస్తాడు.

రూతు గ్రంథం దగ్గరికి వచ్చేసరికి నోట్సు మూసేశాను. నాలుగే అధ్యాయాల పుస్తకం, హెసెద్ మూడుసార్లు వస్తుంది. తెలుగులో మూడుచోట్లా మూడు మాటలు. 1:8లో కొడుకులిద్దరూ పోయిన నయోమి, రూతుతో కలిపి ఇద్దరు కోడళ్లనీ పుట్టిళ్లకి పొమ్మంటూ, చనిపోయినవారి పట్లా నా పట్లా మీరు "దయ" చూపారంటుంది. 2:20లో రూతుని ఆదుకున్న చుట్టం బోయజు గురించి, బతికున్నవాళ్లకీ చచ్చిపోయినవాళ్లకీ "ఉపకారము" చేయడం మానలేదంటుంది. 3:10లో బోయజు రూతుతో, నీ మునుపటి "సత్‌ప్రవర్తన" కన్నా వెనకటిది ఇంకా ఎక్కువైనదంటాడు. ఈ మూడూ ఒకటేనని తెలుగు చదివేవాళ్లకి ఎవరు చెబితే తెలుస్తుంది?

మా ఆయన పోయాక ఆదరణ కూడిక జరిగిన మర్నాడే చుట్టాలు నన్ను పక్కకి పిలిచి మాట్లాడారు. పిల్లలు లేరు, ఉద్యోగం ఉంది, పుట్టింటికి వెళ్లిపో, ఆవిడని మరిది చూసుకుంటాడు, నీకేం బాధ్యత లేదు అన్నారు. వాళ్లు నా మంచి కోరే అన్నారు. నేను పెద్దగా ఆలోచించి ఉండిపోలేదు. ఆ రాత్రి అత్తయ్యకి అన్నం పెట్టాలి, పెట్టాను. మర్నాడు కూడా పెట్టాలి. అలా ఉండిపోయాను. రూతు కథ ఎన్నోసార్లు విన్నాను కానీ అది నా గురించి అని ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. రూతు చేసింది నేను చేయలేదు, ఆమె అత్తగారి వెంట సొంత దేశం వదిలి వెళ్లింది. కానీ "చనిపోయినవారియెడలను నా యెడలను" అన్న ఆ ఒక్క ముక్క దగ్గర కన్నీళ్లు ఆగలేదు. మా ఆయన కోసం చేయడానికి ఇంక ఏమీ లేదనుకున్నాను ఇన్నాళ్లూ. అత్తయ్య కంట్లో నేను వేసే చుక్క ఆయనకి కూడా చేరుతోందని నయోమి అంటోంది.

ఇది అయ్యగారికి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత పండితుల మధ్య ఈ మాట మీద నడిచిన పెద్ద చర్చ గురించి చెప్పారు. 1927లో నెల్సన్ గ్లూక్ అనే యూదు పండితుడు జర్మన్‌లో పరిశోధన చేసి, హెసెద్ అంటే నిబంధనలో, అంటే ఒడంబడికలో, ఉన్నవాళ్లు ఒకరికొకరు చేసుకోవాల్సిన బాధ్యత అన్నాడు. 1978లో క్యాథరిన్ సాకెన్‌ఫెల్డ్ అనే పండితురాలు ఇంకో సంగతి చూపించింది. చేయగలిగినవాడు చేయలేనివాడికి చేసేది హెసెద్. అవతలివాడికి వేరే దిక్కు ఉండదు, చేయకపోతే ఇతన్ని అడిగేవాడూ ఉండడు, అయినా ఆ బంధాన్ని బట్టి చేస్తాడు.

"బాధ్యతా, ఇష్టమా అని అడుగుతారు. నీకు ఏమనిపిస్తోంది?" అన్నారు అయ్యగారు.

మనకి ఋణానుబంధం అనే మాట ఉంది, అది చెప్పాను. కాసేపు ఆలోచించి, "దగ్గరికి వచ్చావు. కానీ ఋణం తీరితే బంధం తెగుతుంది. ఇది తీరేది కాదు," అన్నారు.

ఈ దారిలో ఒక తప్పు కూడా చేశాను, చెప్పాలి. యూట్యూబులో హెబ్రీ అక్షరాల బొమ్మల గురించి వీడియోలు బోలెడున్నాయి. హేత్ అంటే కంచె, సామెహ్ అంటే ఆసరా, దాలెత్ అంటే తలుపు, కాబట్టి హెసెద్ అంటే "కంచెలోకి తీసుకుని, ఆసరా ఇచ్చి, తలుపు తెరిచేవాడు" అని ఒకాయన చెబుతుంటే ఒళ్లు పులకరించింది. దాలెత్ అన్న పేరు తలుపు అనే మాట నుంచి వచ్చిన సంగతి నిజమే కూడా. స్త్రీల సమాజంలో ఆ వారం నా వంతు వస్తే అదే చెప్పాను. అందరూ ఎంతో మెచ్చుకున్నారు. అయ్యగారు విని, "నీ పేరులో మొదటి అక్షరం గుమ్మడికాయలో గు అయినంత మాత్రాన నువ్వు గుమ్మడికాయవి అవుతావా?" అన్నారు. అక్షరాల లెక్క 72 అనీ, దానికి ఫలానా రహస్యార్థం ఉందనీ చెప్పేవి కూడా అంతే. మాటకి అర్థం అది వాడిన వాక్యాల్లో ఉంటుంది, మనుషులు దానితో ఏం చేశారన్న దాంట్లో ఉంటుంది. తరవాతి వారం సమాజంలో లేచి, పోయినసారి చెప్పింది తప్పని చెప్పి, రూతు చదివాను. మొదటిసారంత మెప్పు రాలేదు. కానీ ఇద్దరు కోడళ్లు, ఒక అత్తగారు కూడిక అయ్యాక నా దగ్గర చాలాసేపు కూర్చున్నారు.

నిజమైన అల్లికలు వెతికితే బైబిల్లోనే దొరుకుతాయి. హెసెద్ చేసేవాడు, హెసెద్‌లో బతికేవాడు హసీద్. కీర్తనల్లో "భక్తులు" అని చాలాచోట్ల చదివేది ఆ మాటే. హసీదా అంటే ఒక పక్షి. లేవీయకాండము 11లో "సంకుబుడి కొంగ" అని, యిర్మీయా 8:7లో తన కాలం తెలుసుకునే పక్షి అని ఉన్నది అదే. దానికి ఆ పేరు ఎందుకొచ్చిందో యూదు గురువుల పాత చర్చల గ్రంథం తాల్ముదులో ఉంది, తోటి పక్షులకి తిండి దగ్గర హెసెద్ చేస్తుందట. మరి అంత మంచి పక్షిని అపవిత్రమైన వాటి జాబితాలో ఎందుకు వేశారని యూదులే అడుగుతారు. తన జాతికే చేస్తుంది, పరాయివాటికి చేయదు, అందుకని కొందరు గురువులు జవాబు చెబుతారు. ఇది చదివినప్పుడు రూతు మోయాబీయురాలని, పరాయి జాతిదని గుర్తొచ్చింది.

ఆ కొంగని చూడాలనిపించి ఒక ఆదివారం మధ్యాహ్నం గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి వెళ్లాను. అక్కడ చెట్ల నిండా కొంగజాతి పక్షులు గూళ్లు కడతాయి. అందులో పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీరంగు ఈకలున్నవి స్టార్కులే, హసీదా జాతివే. ఎండ మండిపోతోంది. ఒక గూటిలో తల్లో తండ్రో తెలియదు, సూర్యుడి వైపు వీపు పెట్టి రెండు రెక్కలూ సగం తెరిచి అలాగే నిలబడింది. రెక్కల నీడలో బూడిదరంగు పిల్లలు రెండు. నేను వచ్చినప్పుడు ఎలా ఉందో, అరగంట తరవాత నేను వెళ్లేటప్పుడూ అలాగే ఉంది. మధ్యలో నీడ కొంచెం జరిగింది, దానితో పాటు తనూ ఒక అడుగు జరిగింది. ఎండకి దాని ముక్కు తెరుచుకునే ఉంది. అత్తయ్యకి ఇంటికొచ్చి ఇది చెబితే, "ఎంతసేపు నిలబడింది?" అని రెండుసార్లు అడిగింది.

అక్కడి నుంచి అత్తయ్యకి కూడా ఇందులో ఆసక్తి పుట్టింది. నేను కొత్తగా తెలుసుకున్నది రాత్రిళ్లు చెప్పేదాన్ని. 23వ కీర్తనలో కృపాక్షేమాలు "నా వెంట వచ్చును" అన్న చోట హెబ్రీ మాటకి అర్థం తరమడం. ఫరో రథాలు ఇశ్రాయేలీయుల్ని తరిమిన చోట వాడిందే ఆ క్రియ. "అంటే మనం పారిపోతున్నా వస్తుందన్నమాట," అంది. దానధర్మం కన్నా హెసెద్ ఎందుకు గొప్పదో తాల్ముదులో మూడు కారణాలు చెబుతారు. దానం డబ్బుతో చేస్తారు, హెసెద్ ఒంటితో కూడా చేస్తారు. దానం బీదవాళ్లకి, హెసెద్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ. దానం బతికున్నవాళ్లకే, హెసెద్ చనిపోయినవాళ్లకి కూడా. యాకోబు చనిపోయే ముందు యోసేపుతో నా యెడల "దయను నమ్మకమును" కనుపరచు, నన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దు అన్నది హెసెద్ వెఎమెత్. శవానికి స్నానం చేయించి, మట్టి చేయడాన్ని యూదులు ఇప్పటికీ నిజమైన హెసెద్ అంటారు, ఎందుకంటే చచ్చిపోయినవాడు తిరిగి ఏమీ చేయలేడు. అది విన్నాక అత్తయ్య, "వాడికి స్నానం చేయించింది వాడి స్నేహితులే. నలుగురు వచ్చారు. వాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి," అంది. ఆ రోజు గురించి ఆవిడ మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను.

హోషేయ 6:6 దగ్గరికి ఎనిమిదో నెలలో వచ్చాను. నేను హెసెద్‌ని కోరుతున్నాను, బలిని కాదు అంటాడు దేవుడు. మత్తయి ఇంట్లో సుంకరులతో, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లతో, కలిసి భోజనం చేస్తున్నందుకు పరిసయ్యులనే ధర్మశాస్త్ర నిష్ఠాపరులు తప్పుపడితే, యేసు ఆ వచనాన్నే ఎత్తి చూపిస్తాడు. చూపించే ముందు "మీరు వెళ్లి... ఆ వాక్యభావమేమిటో నేర్చుకొనుడి" అంటాడు. నేర్చుకోండి అన్నమాట ఎన్నేళ్లు చదివి దాటేశానో. వాళ్లకి హెబ్రీ వచ్చు, ఆ వచనం కంఠతా వచ్చు. అయినా వెళ్లి నేర్చుకోమన్నాడు.

ఇంక పదో వచనం మిగిలింది. అత్తయ్యని ఎనిమిది నెలలు కాచుకోబెట్టాను కదా, ఆవిడ అడిగిన దానికి నాకు తెలిసింది చెప్పాలి. ఆ కీర్తనలో కృప అనే మాట దెబ్బకి చెప్పింది కాదత్తయ్యా, ఆ దెబ్బ ఎవరి కోసమో వాళ్లకి చెప్పింది అన్నాను. ఐగుప్తులో బానిసలుగా పడి ఉన్న ఇశ్రాయేలీయులు, దిక్కు లేనివాళ్లు, వాళ్లతో చేసుకున్న మాటని ఆయన వదల్లేదు, అదీ హెసెద్ అన్నాను. చెబుతుంటేనే నాకు సగం మాటలాగ అనిపించింది. అవతలి ఇంట్లో కూడా ఒక తల్లి ఉంది కదా.

అందుకని ఇంకో సంగతి కూడా చెప్పాను. ఐగుప్తువాళ్లు సముద్రంలో మునిగిపోతుంటే దేవదూతలు పాట పాడబోయారట. నా చేతులు చేసినవాళ్లు నీళ్లలో మునిగిపోతుంటే మీరు పాడతారా అని దేవుడు వాళ్లని ఆపాడని తాల్ముదులో ఉంది. ఐగుప్తు నుంచి విడుదలని గుర్తుచేసుకునే పస్కా రాత్రి యూదులు ఈ 136వ కీర్తన చదువుకుంటారు. అదే రాత్రి ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసేస్తారు. సంతోషం గిన్నె నిండుగా తాగకూడదని.

అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. "ఆయనే పాడొద్దన్నాడా?" అంది చివరికి.

"అలా ఉందత్తయ్యా."

"సరే అయితే. చదువు."

మొదటి నుంచి మొదలుపెట్టాను. తొమ్మిదో వచనం దాకా ఆవిడ అందుకుంటూ వచ్చింది. పదోది చదివి ఆగాను. ఆవిడ అందుకోలేదు, నేనూ అనలేదు. కాసేపయ్యాక "ఊఁ, తరవాత," అంది. "వారి మధ్యనుండి ఇశ్రాయేలీయులను ఆయన రప్పించెను," అన్నాను. "ఆయన కృప నిరంతరముండును," అంది అత్తయ్య, గొంతు పెంచి. పక్క వాటాలో వాళ్లకి కూడా వినిపించి ఉంటుంది.

అప్పటి నుంచి అలాగే చదువుతున్నాం. 26 వచనాలకి 25 జవాబులు.